కౌన్సిల్, కౌన్సెల్: చెవికి ఒకటే, పని వేరు

ఏటా వేసవిలో ఇంజినీరింగ్ ప్రవేశాల హడావుడి మొదలైతే చాలు, తెలుగు పత్రికల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఉన్నత విద్యామండలి పెద్దలు కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించారన్నది ఆ వార్త. విద్యామండలి ఇంగ్లిష్ పేరులో ఉన్నది 'కౌన్సిల్'. ప్రకటించింది 'కౌన్సెలింగ్'. ఒక పత్రిక 'కౌన్సెలింగ్' అని వేస్తే పక్క పత్రిక 'కౌన్సిలింగ్' అని వేస్తుంది. ఊళ్లో ఫ్లెక్సీ మీద పైన తెలుగులో ఒకలా, కింద ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకోలా ఉంటుంది. చదివేవాళ్లకు పెద్దగా పట్టింపు ఉండదు, ఎందుకంటే సందర్భాన్ని బట్టి విషయం అర్థమైపోతుంది. చిక్కంతా ఆ పిల్లలే తర్వాత ఇంగ్లిష్‌లో దరఖాస్తు రాయాల్సి వచ్చినప్పుడు, కోర్టు నోటీసు చదవాల్సి వచ్చినప్పుడు, వీసా ఫారం నింపాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది.

క్లుప్తంగా

కౌన్సిల్ అంటే మండలి, అంటే కొందరు కలిసి కూర్చునే సభ. కౌన్సెల్ అంటే సలహా, సలహా చెప్పడం, కోర్టులో అయితే న్యాయవాది. ఇంగ్లిష్‌వాళ్ల నోట రెండూ ఒకేలా పలుకుతాయి, స్పెల్లింగ్‌లోనే తేడా: కౌన్సిల్ మధ్యలో సీ (council), కౌన్సెల్ మధ్యలో ఎస్ (counsel). పుట్టుకను బట్టి చూస్తే కౌన్సెల్‌కు అసలు చుట్టాలు కన్సల్టెన్సీ, కాన్సులేట్. కౌన్సిల్‌ది వేరే కుదురు. తెలుగులో 'కౌన్సిలింగ్' అన్న రూపం బాగా వాడుకలో ఉన్నా ఇంగ్లిష్‌లో అలాంటి మాట లేదు.

చెవి పట్టుకోలేని తేడా

ఇంగ్లిష్‌లో ఈ రెండు మాటలకూ ఊనిక మొదటి భాగం మీదే పడుతుంది. 'కౌన్' గట్టిగా వినిపిస్తుంది, తర్వాతి అచ్చు నలిగిపోతుంది. అది ఇ కాదు, ఎ కాదు, అ కూడా సరిగ్గా కాదు. లండన్‌లో ఒకరు 'కౌన్సిల్ ఆఫీసుకు వెళ్తున్నా' అన్నా, 'కౌన్సెల్‌ను కలవడానికి వెళ్తున్నా' అన్నా ఆ ఒక్క మాట వరకు చెవికి తేడా తెలియదు. అందుకే ఇంగ్లిష్ పుట్టు భాషగా ఉన్నవాళ్లు కూడా రాసేటప్పుడు తరచూ తడబడతారు. ఇది మన ఇంగ్లిష్ మీడియం చదువుల లోపమేమీ కాదు.

తెలుగు పద్ధతి వేరు. మన భాషలో నలిగిన అచ్చుకు చోటు లేదు. ప్రతి అక్షరం తన గుణింతాన్ని నిలబెట్టుకోవాలి. కాబట్టి ఇంగ్లిష్ మాటను తెలుగులో రాయగానే ఆ మసక అచ్చుకు ఏదో ఒక గుర్తు పెట్టక తప్పదు: 'సి' అనో, 'సె' అనో. అలా చూస్తే తెలుగు లిపికి ఇక్కడ ఇంగ్లిష్ చెవికి లేని సౌకర్యం ఉంది. స్పెల్లింగ్ చూసి 'కౌన్సిల్', 'కౌన్సెల్' అని రాస్తే రెండు మాటలూ కంటికే కాదు, నోటికి కూడా విడిగా ఉంటాయి. ఇంత సులువుగా దొరికిన తేడాను మన వాడుక మళ్లీ చెరిపేసుకుంది.

'సె' పోయి 'సి' ఎలా వచ్చింది?

దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పరిచయం. 'కౌన్సిల్' మన రాజకీయ వాడుకలో ఎప్పటి నుంచో ఉన్న మాట. మున్సిపల్ కౌన్సిల్, దానిలో కౌన్సిలర్లు, శాసనమండలికి లెజిస్లేటివ్ కౌన్సిల్, దాని సభ్యులు ఎమ్మెల్సీలు. ఎమ్మెల్సీ చివర ఉన్న 'సీ' ఈ కౌన్సిలే. కౌన్సెలింగ్ సామాన్యుల నోటికి ఎక్కింది ఎక్కువగా ప్రవేశ పరీక్షలతోనే. కొత్త మాట వచ్చినప్పుడు చెవి దాన్ని అప్పటికే తెలిసిన మాటకు తగిలిస్తుంది. కౌన్సిల్ తెలుసు కాబట్టి కౌన్సిలింగ్ అయింది.

రెండోది తెలుగు ఉచ్చారణ అలవాటు. మన మాటల్లో మధ్య అచ్చు పక్క అచ్చును చూసి మారుతుంది. 'మనిషి' బహువచనంలో 'మనుషులు' అవుతాడు. చివరి ఉకారం మధ్యలోని ఇకారాన్ని తన వైపు లాగేసుకుంటుంది. కౌన్సెలింగ్‌లో 'సె' పక్కనే 'లిం' ఉంది. ఆ ఇకారం 'సె'ను 'సి' చేయడం తెలుగు నోటికి సహజమే. అంటే ఇది కేవలం అజాగ్రత్త అనుకోనక్కర్లేదు, భాష తన దారిన తాను మాటను సాపు చేసుకుంది.

అయితే ఇంగ్లిష్‌లోకి తిరిగి వెళ్లేటప్పుడు ఈ సాపు పని చేయదు. కారణం చాలా సాదాది. కౌన్సిల్ నామవాచకం మాత్రమే, దానికి క్రియ లేదు. క్రియ లేని మాటకు 'ఇంగ్' చేరదు. కౌన్సెల్ అటు నామవాచకం, ఇటు క్రియ కూడా. సలహా చెప్పడం అన్న అర్థంలో దానికి 'ఇంగ్' రూపం వచ్చింది. కాబట్టి 'ఇంగ్'తో ముగిసే మాట ఎప్పుడు రాసినా అది ఎస్‌తో ఉండాల్సిందే. ఇందులో మినహాయింపు లేదు, గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక సూత్రం ఇంకొకటి దొరకదు. మధ్యలో ఎల్ ఒకటా, రెండా అన్నది వేరే గొడవ. బ్రిటిష్ పద్ధతిలో రెండు, అమెరికన్ పద్ధతిలో ఒకటి, రెండూ ఒప్పే.

ఒకటి పిలుపు, ఒకటి ఆలోచన

రెండు మాటలూ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. కౌన్సిల్‌కు మూలం 'కొంకిలియుం'. 'కలిపి పిలవడం' అన్న అర్థం దాని లోపల ఉంది. చాటింపు వేసి జనాన్ని ఒక చోట చేర్చడం లాంటిది. క్రైస్తవ చరిత్రలో 325లో నైసియాలో బిషప్పులు సమావేశమైన సభను కౌన్సిల్ అంటారు. 1545లో మొదలై 1563 వరకు సాగిన ట్రెంట్ సభ కూడా కౌన్సిలే. విడిపోయినవాళ్లను మళ్లీ కలపడం అన్న అర్థమున్న 'రీకన్సైల్' ఈ కుదురుదే. నెలాఖరున బ్యాంకు పుస్తకానికీ మన లెక్కకూ పొంతన చూసే అకౌంటెంట్లు 'రీకన్సిలియేషన్' అని రోజూ వాడే మాట అదే.

కౌన్సెల్‌కు మూలం 'కొన్సిలియుం'. వినడానికి ఒక్క అక్షరమే తేడా, కానీ ఇది 'ఆలోచించడం, సంప్రదించడం' అన్న అర్థమున్న 'కొన్సులెరె' నుంచి వచ్చింది. అదే ధాతువు నుంచి కన్సల్ట్ పుట్టింది. కన్సల్టెన్సీ, డాక్టరు దగ్గర కట్టే కన్సల్టేషన్ ఫీజు దాని వెంట వచ్చినవే. రోము గణతంత్రంలో ఏడాదికి ఇద్దరు చొప్పున ఎన్నికయ్యే పెద్ద అధికారుల పేరు 'కాన్సుల్' కూడా ఈ కుటుంబానిదే అంటారు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ బోర్డు, నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్, ఎక్కడో ఒక కాలేజీలో కౌన్సెలింగ్ సెంటర్, ఈ మూడూ ఒక ఇంటి పేరువే. చెవికి దగ్గరగా ఉన్న కౌన్సిల్ మాత్రం పరాయిది.

ఇంత స్పష్టంగా విడిగా పుట్టిన మాటలు ఎందుకు కలిసిపోయాయంటే, పని దగ్గర అవి విడిగా ఉండలేదు. రాజు నలుగురిని పిలిచి కూర్చోబెట్టేది వాళ్ల ఆలోచన వినడానికే. సభకూ సలహాకూ మధ్య గీత గీయడం మధ్యయుగాల్లో ఎవరికీ అవసరం అనిపించలేదు. పాత ఇంగ్లిష్ రాతల్లో రెండు స్పెల్లింగులూ ఒకదాని బదులు ఒకటి వచ్చేవి. దాదాపు 16వ శతాబ్దం నుంచే సభకు సీ, సలహాకు ఎస్ అన్న విభజన స్థిరపడుతూ వచ్చింది.

ఫ్రెంచివాళ్లు ఆ విభజన చేసుకోలేదు. వాళ్ల 'కొన్సెయ్' ఒక్క మాటే అటు సలహాకూ, ఇటు మండలికీ సరిపోతుంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇంగ్లిష్‌లో కౌన్సిల్ అయితే, ఫ్రెంచిలో దాని పేరు సలహా కుదురు నుంచి వచ్చిన మాటతోనే ఉంటుంది. స్పానిష్‌లో ఇంగ్లిష్‌లాగే రెండు మాటలు మిగిలాయి, అవీ ఒక్క అక్షరం తేడాతోనే. కాబట్టి ఈ తికమక ఒక్క ఇంగ్లిష్‌ది కూడా కాదు.

తెగని ముడి: ప్రివీ కౌన్సిల్

విభజన పూర్తిగా తెగలేదనడానికి మంచి సాక్ష్యం మన చరిత్రలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీని అదుపులో పెట్టడానికి 1773లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన రెగ్యులేటింగ్ చట్టం కలకత్తాలో ఒక గవర్నర్ జనరల్‌నూ, ఆయనతో కలిసి పనిచేసే నలుగురినీ నియమించింది. ఆ నలుగురినీ చట్టం ఎస్ స్పెల్లింగ్‌తో, అంటే సలహాదారులుగా పేర్కొంది. వాళ్లంతా కలిస్తే ఏర్పడేది మాత్రం సీ స్పెల్లింగ్ కౌన్సిల్. ఆ సలహాదారుల్లో ముగ్గురు ఒక జట్టుగా మారి గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ మాట చాలాకాలం సాగనివ్వలేదు. చెప్పింది వింటే సలహా, ఓటు వేసి ఓడిస్తే మండలి. తేడా ఎక్కడుందో హేస్టింగ్స్‌కు బాగానే అర్థమై ఉంటుంది.

లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌ది ఇంకా వింత. స్వాతంత్ర్యానికి ముందు భారతదేశపు కేసులకు చివరి మెట్టు దాని న్యాయ కమిటీయే. పిఠాపురం జమీందారీ వివాదం లాంటివి అక్కడి దాకా వెళ్లాయి. 1949లో చేసిన చట్టంతో ఆ దారి మూసుకుంది. ఇప్పటికీ బ్రిటన్‌లో ఆ సంస్థ పేరును సీతోనే రాస్తారు, దాని సభ్యులను మాత్రం అధికారికంగా ఎస్‌తో రాయడం ఆనవాయితీ. రాజుకు రహస్యంగా ఆలోచన చెప్పేవాళ్లు కాబట్టి ఆ పేరు. ఇంగ్లిష్ టీచరు నేర్పిన సూత్రం పట్టుకుని ఈ స్పెల్లింగ్‌ను తప్పని దిద్దబోతే దిద్దినవాళ్లే తప్పవుతారు.

సలహా కనిపించని కౌన్సెలింగ్

మాటకు అర్థం నిఘంటువులో ఒకటి, వీధిలో ఒకటి ఉండడం కొత్త కాదు. కౌన్సెలింగ్ విషయంలో ఆ దూరం మన దగ్గర బాగా పెరిగింది.

వృత్తిగా కౌన్సెలింగ్ మొదలైంది కుర్రాళ్లకు ఉద్యోగం ఎంచుకోవడంలో సాయం చేయడంతో. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అందుకోసం ఒక కార్యాలయం తెరిచాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి ఏది ఇష్టం, ఏది చేతనవును, బయట ఏ పనులున్నాయి, ఈ మూడింటినీ పొంతన చూసి మాట్లాడడం ఆయన పద్ధతి. తర్వాత ఈ మాట మనసుకు సంబంధించిన సాయానికి విస్తరించింది.

మన ప్రవేశాల కౌన్సెలింగ్‌లో ఆ మాట్లాడడం ఏ కాస్తో ఉంటే పాత రోజుల్లోనే ఉండాలి. ర్యాంకుల వారీగా పిలిస్తే విద్యార్థి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని సెంటర్‌కు వెళ్లేవాడు. ఖాళీ సీట్ల జాబితా చూసి, పక్కన నాన్న ఉండగా, వెనక క్యూ చూస్తుండగా, అప్పటికప్పుడు కాలేజీ చెప్పేయాలి. ఇప్పుడది వెబ్ కౌన్సెలింగ్. ఫీజు కట్టడం, స్లాట్ బుక్ చేసుకోవడం, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు. చాలా ఇళ్లలో ముందు ఒక తెల్ల కాగితం మీద కాలేజీ కోడ్లు, ఎదురుగా సీఎస్‌ఈ, ఈసీఈ అని బ్రాంచి కోడ్లు వరుసగా రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకుని, రాత్రి పొద్దుపోయాక కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. ఆ వరుసే మొత్తం ఆటకు కీలకం. సాఫ్ట్‌వేర్ మంచి ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి ఆప్షన్లను పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. రిజర్వేషన్, లోకల్ లెక్కల ప్రకారం ఎక్కడ సీటు మిగిలి ఉంటే అక్కడ ఆగి కేటాయిస్తుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. పని స్వభావాన్ని బట్టి దాన్ని సీట్ల కేటాయింపు అనాలి. టీచర్ల బదిలీల కౌన్సెలింగ్ కూడా అంతే, అక్కడ సీనియారిటీ వరుసలో ఖాళీలు ఎంచుకోవడమే ఉంటుంది.

పోలీసు భాషలో ఈ మాట మరో దారి పట్టింది. రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ అంటే స్టేషన్‌కు పిలిచి హెచ్చరించడం. తాగి బండి నడిపి దొరికినవాళ్లకు, తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్‌కు చిక్కిన ఆకతాయిలకు ఇంటివాళ్ల సమక్షంలో ఇచ్చే కౌన్సెలింగ్‌లో మందలింపూ ఉంటుంది, మంచిమాటా ఉంటుంది. ఇళ్లలో అయితే 'ఆయన ఈ రోజు గంటసేపు కౌన్సెలింగ్ ఇచ్చాడు' అంటే క్లాస్ పీకాడని అర్థం.

మాట సాగితే నష్టమేమిటని అడగవచ్చు. ఒక చోట నష్టం ఉంది. ఫలితాల తర్వాత టెన్షన్‌తో తిండి మానేసిన పిల్లాడికి నిజంగా కావలసింది పాత అర్థంలోని కౌన్సెలింగ్. ఇంట్లో ఆ మాట ఎత్తితే పెద్దలకు గుర్తొచ్చేది సీటు, లేకపోతే మందలింపు. పిల్లాడు ఇది రెండోదే అనుకుంటే వెళ్లనంటాడు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ, 14416 నంబరు, ఈ మూడో అర్థానికి చెందింది. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్లు వినడానికి ఉంటారు.

సలహాతోనే ఆగిపోయే కౌన్సిళ్లు

కౌన్సెలింగ్‌లో సలహా లేకుండా పోతే, కొన్ని కౌన్సిళ్ల చేతిలో సలహా తప్ప మరొకటి లేదు. 2016లో 101వ రాజ్యాంగ సవరణతో 279ఏ అధికరణ కింద వచ్చిన జీఎస్టీ కౌన్సిల్ పేరుకు పెద్ద మండలి. కేంద్రానికి మూడో వంతు ఓటు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయం నెగ్గడానికి నాలుగింట మూడు వంతులు, అంటే 75 శాతం కావాలి. ఇంత లెక్కా చేసి తీసుకున్న నిర్ణయం సిఫారసే తప్ప పార్లమెంటునూ శాసనసభలనూ కట్టిపడేయదని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. సీతో మొదలైన సంస్థ చివరికి ఇచ్చేది ఎస్ స్పెల్లింగ్ సరుకే.

శాసనమండలి కూడా ఈ కోవకు చెందిందే. శాసనసభ పంపిన మామూలు బిల్లును అది మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, ద్రవ్య బిల్లునైతే 14 రోజులే. ఆ తర్వాత సభ మాటే చెల్లుతుంది. 'పెద్దల సభ' అన్న పేరు అందుకే అతికినట్టు ఉంటుంది, పెద్దలు చెబుతారు, వినడం వినకపోవడం పిల్లల ఇష్టం. అయినా ఆ కొన్ని నెలల ఆలస్యమే రాజకీయంగా ఎంత చికాకు పెట్టగలదో ఆంధ్రప్రదేశ్ మండలి కథ చెబుతుంది. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. మూడు రాజధానుల బిల్లులకు అక్కడ అడ్డుకట్ట పడ్డాక 2020 జనవరిలో శాసనసభ మళ్లీ రద్దు తీర్మానం చేసింది, 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది.

కృష్ణా, గోదావరి జలాల మీద రాష్ట్ర పునర్విభజన చట్టం పెట్టిన అపెక్స్ కౌన్సిల్ మరో రకం. కేంద్ర జలశక్తి మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చునే ఆ మండలిలో లాటిన్ మూలార్థం, 'కలిపి పిలవడం', ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. కలిపి పిలవడమే అక్కడ కష్టమైన పని.

కోర్టు గుమ్మం దగ్గర

న్యాయస్థానంలో కౌన్సెల్ అంటే కక్షిదారు తరఫున వాదించే లాయరు. తీర్పుల్లో 'పిటిషనర్ కౌన్సెల్' అని వచ్చిన చోటల్లా తెలుగులో 'పిటిషనర్ తరఫు న్యాయవాది' అని రాస్తే సరిపోతుంది. ఒకరైనా నలుగురైనా ఇంగ్లిష్‌లో ఈ అర్థానికి బహువచనపు ఎస్ చేరదన్నది చాలామంది మరిచిపోయే సంగతి. ఈ న్యాయవాదులను నమోదు చేసుకుని క్రమశిక్షణ చూసే సంస్థ మాత్రం బార్ కౌన్సిల్, 1961 అడ్వకేట్స్ చట్టం కింద ఏర్పడింది. కౌన్సెల్ అనిపించుకోవాలంటే ముందు కౌన్సిల్‌లో పేరుండాలి.

వార్తల్లో ఎక్కువగా దొర్లే తప్పు 'స్టాండింగ్ కౌన్సిల్'. ఒక విశ్వవిద్యాలయమో, మున్సిపాలిటీయో తన కేసులు ఎప్పుడూ చూసేందుకు నియమించుకున్న లాయరును స్టాండింగ్ కౌన్సెల్ అంటారు. దాన్ని సీతో రాసి 'ఫలానా న్యాయవాది స్టాండింగ్ కౌన్సిల్‌గా నియామకం' అని శీర్షిక పెడితే, ఒక్క మనిషిని శాశ్వత సభగా నియమించినట్టు అవుతుంది.

కౌన్సెల్, కౌన్సెలర్ కూడా ఒకటి కాదు. అమెరికా కోర్టుల్లో జడ్జి లాయరును 'కౌన్సెలర్' అని పిలవడం మామూలే. మన దగ్గర ఆ పిలుపు లేదు, ఇక్కడ కౌన్సెలర్ అంటే సలహా చెప్పి సర్దుబాటు చేసే మనిషి. ఈ తేడా అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించేది ఫ్యామిలీ కోర్టులో. 1984 నాటి చట్టంలోని 6వ సెక్షన్ ఆ కోర్టులకు కౌన్సెలర్లను ఏర్పాటు చేయమంటుంది. 13వ సెక్షన్ ప్రకారం కక్షిదారు తన తరఫున లాయరును పెట్టుకోవడం హక్కుగా అడగలేరు, కోర్టు అవసరమనుకుంటే న్యాయ నిపుణుడి సాయం తీసుకుంటుంది. ఆచరణలో లాయర్లు కనిపిస్తూనే ఉంటారు. చట్టం ఊహించిన చిత్రం మాత్రం వేరు: ముందు భార్యాభర్తలు కౌన్సెలర్ ఎదుట కూర్చోవాలి, కౌన్సెల్ సంగతి తర్వాత. కౌన్సెలర్ అన్న మాటకు పొరపాటున సీ తగిలి 'దంపతులు కౌన్సిలర్‌ను ఆశ్రయించారు' అని అచ్చయితే, వాళ్లు వార్డు కుళాయి సమస్య మీద వెళ్లారేమో అనిపిస్తుంది.

మూడో మాట: కాన్సుల్

విదేశీ చదువుల దారిలో ఇంకో పోలిక ఎదురవుతుంది. రాయబారి ఉండేది దేశ రాజధానిలో, ఆయన కార్యాలయం ఎంబసీ. ఇతర నగరాల్లో వీసాలు, తమ పౌరుల అవసరాలు చూసే అధికారి కాన్సుల్, ఆయన కార్యాలయం కాన్సులేట్. ఈ రెండు రకాల కార్యాలయాలకూ నియమాలు కూడా వేర్వేరు వియన్నా ఒప్పందాల్లో ఉన్నాయి, ఎంబసీలకు 1961లోది, కాన్సులేట్లకు 1963లోది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. జనం దాన్నే 'ఎంబసీ' అంటారు. వాడుకలో ఫర్వాలేదు, కానీ అపాయింట్‌మెంట్ ఫారంలో 'కాన్సులర్' అన్న మాట వచ్చినప్పుడు అది కౌన్సెలర్ కాదని తెలియాలి. అటు అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు పాస్‌పోర్టు రెన్యువల్ కోసం భారత కాన్సులేట్లతో ఇదే పని పడుతుంది.

రాసేటప్పుడు పనికొచ్చే పరీక్ష

కంప్యూటర్ స్పెల్‌చెక్ ఇక్కడ పెద్దగా ఆదుకోదు, రెండూ సరైన మాటలే కాబట్టి చాలాసార్లు ఎర్ర గీత పడదు. దానికన్నా తెలుగే మంచి పరీక్ష. ఆ చోట 'మండలి' పెడితే వాక్యం నిలబడితే సీ రాయాలి. 'సలహా' లేదా 'లాయరు' పెడితే నిలబడితే ఎస్ రాయాలి. మనిషి అయితే, ఓట్లతో గెలిచినవాడికి సీ, మాట చెప్పేవాడికి ఎస్. సిటీ కార్పొరేషన్‌లో గెలిచినవాళ్లను మన దగ్గర కార్పొరేటర్లు అంటారు కాబట్టి ఈ గొడవ మున్సిపాలిటీలకే పరిమితం. అమెరికా యూనివర్సిటీకి పంపే దరఖాస్తులో ప్రవేశాల కౌన్సెలింగ్ గురించి రాయాల్సి వస్తే, స్పెల్లింగ్ సరిగ్గా రాసినా చదివేవాళ్లకు అది మానసిక చికిత్సలా తోచే ప్రమాదం ఉంది. 'ర్యాంకు ఆధారంగా జరిగిన సీటు కేటాయింపు' అని విప్పి రాయడం మేలు.

మండలి, సలహా అన్న మాటల వైపు వెళ్తే అక్కడ ఇంకో విషయం కనిపిస్తుంది. సంస్కృతంలో 'మంత్రం' అంటే జపించేదే కాదు, ఆలోచన కూడా. 'తెరవెనుక మంత్రాంగం' అని పత్రికలు రాసేటప్పుడు వాడేది ఆ అర్థాన్నే. ఆలోచన చెప్పేవాడు మంత్రి, అంటే ఎస్ స్పెల్లింగ్ మనిషి. అలాంటి కొందరు కూర్చుంటే మంత్రిమండలి, అంటే సీ స్పెల్లింగ్ సభ. ఇంగ్లిష్‌లో 'మినిస్టర్' మాటకు లాటిన్ మూలార్థం సేవకుడు, కాబట్టి కౌన్సిల్ ఆఫ్ మినిస్టర్స్ అన్న పేరులో సభ ఉంది, సలహా లేదు. ఆ సలహాను రాజ్యాంగం 74వ అధికరణలో విడిగా చెప్పాల్సి వచ్చింది: రాష్ట్రపతికి సహాయం చేయడానికి, సలహా ఇవ్వడానికి ఒక మంత్రిమండలి ఉంటుందని.